బాయి కాడి మన్ను

రెండు వేల ఏడులో, ఎండలు ఇంకా ముదరకముందే, మా బాపు ఎడ్లకు ఢిల్లీలో అవార్డు వచ్చింది.

ఈ మాట మా అన్న రమేశ్‌ది. నిజానికి అవార్డు వచ్చింది ‘పడావు’ అనే సినిమాకు, పడావంటే మా వైపు బీడు. రెండేళ్ల కింద ఆ సినిమావాళ్లు ఇబ్రహీంపట్నం చెరువు అవతల, మా ఊరి పొలాల్లో పన్నెండు రోజులు షూటింగ్ చేసుకున్నారు. దున్నే ఎడ్ల కోసం ఊరంతా తిరిగి, ఎక్కడ చూసినా ట్రాక్టర్లే కనబడి, చివరికి మా బాపు జానయ్యను పట్టుకున్నారు. బాపు తన జతను తోలుకుపోయి పన్నెండు రోజులూ గట్టు మీద కూచుని చూసొచ్చాడు. ఆ సినిమా తయారై, పేపర్లకెక్కి, ఢిల్లీ దాకా పోయేసరికి ఇక్కడ ఎడ్లూ లేవు, అవి దున్నిన రెండెకరాలూ లేవు. భూమిని వెంచర్ కంపెనీ కొన్నది. చాళ్లు ఉన్నచోట పసుపు రంగు హద్దురాళ్లు లేచాయి.

ఆ రోజుల్లో సాగర్ రోడ్డు పొడవునా అదే తంతు. ఎయిర్‌పోర్టు వస్తుందని, రింగు రోడ్డు వస్తుందని, ఏదీ రాకపోయినా ధర మాత్రం వస్తుందని జనం కార్లేసుకుని దిగేవాళ్లు. కంది చేను ముందు నిలబడి ‘ఈస్ట్ ఫేసింగేనా’ అని అడిగినవాళ్లను నేను కళ్లారా చూశాను. వాళ్లకు చూపించేది మా అన్నే. డిగ్రీ సగంలో వదిలేసి కంపెనీలో ఏజెంటుగా చేరాడు. తెల్లచొక్కా, సెల్‌ఫోను, మోటర్‌సైకిలు మూడూ ఒకే నెలలో వచ్చాయి. మా అన్న చెడ్డవాడు కాడు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే సగం విన్నాక మీకు ఆయన మీద కోపం వస్తుంది. ఆ కోపం చేరాల్సిన చోటు వేరే ఉంది.

ఇంట్లో నాలుగో మనిషి మా మేనత్త మాణిక్యమ్మ, బాపుకు అక్క. పెళ్లయిన మూడేళ్లకే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. తర్వాత మా అమ్మ పోయినప్పుడు నాకు మూడేళ్లు. అన్ననూ నన్నూ పెంచింది అత్తే. పసుపు కుంకుమ కింద మా తాత ఆమెకు ఒక ఎకరం రాసిచ్చాడు. మా రెండెకరాలు రాళ్ల ఎర్రచెలక. పక్కనే ఉన్న ఆమె ఎకరం నల్లటి నేల, అందులోనే బావి. టమాట, బెండ, పాలకూర ఏదో ఒకటి కోసుకుని, పొద్దున్నే గంపతో షేర్ ఆటో ఎక్కి ఇబ్రహీంపట్నం మార్కెట్‌కు పోయేది. తమ్ముడి ఇంట్లో ముప్పై ఐదేళ్లు ఉండి కూడా ఏనాడూ ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. నా కాలేజీ ఫీజు కూడా ఆ గంపలోంచే వచ్చింది.

ఇప్పుడా ఎకరం కంపెనీవాళ్ల నలభై అడుగుల రోడ్డుకు సరిగ్గా నడుమ పడింది. మే నెలాఖరులోగా అది తెస్తే అన్న ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఆ కుర్చీలో ఇంకెవరైనా కూర్చుంటారు. మేనేజరు ఈ మాట చాలా మెత్తగా, చాయ్ ఇప్పించి మరీ చెప్పాడట.

సినిమా సంగతికి వస్తాను. ‘పడావు’లో ఒక రైతు పొలం అమ్ముకోవాల్సి వస్తుంది. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున అతని కూతురు ఒక్కతే చేనుకు పోయి, మోకాళ్ల మీద కూచుని, చేతులతో మట్టి తవ్వి, చున్నీలో పోసుకుని తెస్తుంది. తండ్రి ఆ మట్టిని తువ్వాలలో మూటగట్టుకుని, గుండెకు అదుముకుని సంతకం పెట్టడానికి పోతాడు. నాలుగు నిమిషాలు ఒక్క మాట ఉండదు. పేపర్లన్నీ ఆ నాలుగు నిమిషాల గురించే రాశాయి. మా కాలేజీ ఫిలిం క్లబ్బులో నేను దాన్ని మొదటిసారి చూసినప్పుడు వెక్కి వెక్కి ఏడ్చాను. తర్వాత ఇంకో రెండుసార్లు చూశాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు, డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఆ సినిమాను ఎవరైనా ఒక్క మాటంటే నన్ను అన్నట్టే ఉండేది.

క్లబ్బు నడిపేది మా తెలుగు సారు పట్టాభిరామయ్య గారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడిన మనిషి. రిటైరయ్యాక కూడా వారానికి రెండుసార్లు బస్సెక్కి వచ్చి పాఠం చెప్పేవారు. ఆ సినిమాలో దున్నింది మా ఎడ్లేనని నేను గొప్పగా చెప్పేసరికి, ‘అయితే మీ నాన్నగారిని తీసుకురామ్మా, ఆయనతోనే చర్చ మొదలుపెడదాం’ అన్నారు. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అన్న కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. సినిమా మళ్లీ వేశారు. లైట్లు వేసేసరికి సగం మంది కళ్లు తుడుచుకుంటున్నారు, వాళ్లలో అన్న ఒకడు. అది దొంగ ఏడుపు కాదు. ఆయన సంగతి నాకు తెలుసు.

సారు బాపును ముందుకు పిలిచారు. “జానయ్య గారూ, మీ ఎడ్లు నటించిన సినిమా ఇది. మీకెలా అనిపించిందో రెండు మాటలు చెప్పండి.”

“ఎడ్లు మంచిగనే చేసినయ్ సార్,” అన్నాడు బాపు. అందరూ నవ్వారు. నవ్వు ఆగేదాకా ఉండి, “మనుషులదే జర నాకు నచ్చలే,” అన్నాడు.

నాకు చెవులు వేడెక్కాయి.

“గా మన్ను సుత మా చెలకది కాదు సార్. మాది ఎర్రగున్నది, రాళ్లున్నయని, మా అక్క బాయి కాడికెల్లి రెండు గంపల నల్లమన్ను తెచ్చి పోసిన్రు. నేను గట్టు మీద కూసోని చూసిన. సరే, సినిమా గద, పోసుకోనీ. గని సంతకం పెట్టేటోడు గట్ల గుండెకు పెట్టుకొని ఏడుస్తడా? నేను పోయినేడు పెట్టిన. బయటికొచ్చి రెండు మిర్చి బజ్జీలు తిన్న. ఆకలైంది, గంతే. ఏడుపు రాలే.”

తువ్వాల భుజం మీద సర్దుకున్నాడు.

“ఆర్నెల్లయినంక ఒకనాడు పొద్దుగాల లేసి, పార భుజానేసుకొని, చేనుకు నీళ్లు మలుపుదామని బయలెల్లిన. చెరువు కట్ట దాటినంక యాదికొచ్చింది, చేను లేదని. గాడనే నిలబడ్డ. ఎవలన్న చూస్తరేమోనని సిగ్గయింది. పారను గోనెసంచిల చుట్టుకొని ఇంటికొచ్చిన. గది సినిమాల లేదు సార్.”

పట్టాభిరామయ్య గారు నెమ్మదిగా, “చాలా పెద్ద మాట చెప్పారండీ. కానీ కళలో నిజం వేరే దారిన వస్తుంది. మీకు ఆర్నెల్లు పట్టిన బాధను ఆ దర్శకుడు నాలుగు నిమిషాల్లో చూపించాలి కదండీ,” అన్నారు.

“చూపియ్యనీయుండ్రి సార్, నేను వద్దంటలే. గని చూసినోళ్లు ఏడిసిన్రు, ఏడుపు ఈడనే ఇడిసి ఇంటికి పోయిన్రు. నా కొడుకు పోయినవారం సుత ఈడనే చూసిండు, ఇట్లనే ఏడిసిండు. తెల్లారి పోయి మా పక్క చెలక మల్లేశయ్యతోని మూడెకరాలకు సంతకం పెట్టించిండు. గీ సినిమాకు గంత పేరెందుకో నాకైతే సమజ్ కాలే.”

వెనక బెంచీలో అన్న తల దించుకున్నాడు. బాపు మాటలకు ఎవరైనా జవాబు చెప్పాలనిపించింది. ఎవరూ లేవకపోతే నేనే లేచాను.

“మా బాపుకు సినిమా చూడడం రాదు సార్. ఆయన ఎడ్లను చూశాడు, అంతే.”

అందరూ మళ్లీ నవ్వారు. బాపు కూడా నవ్వబోయి ఆగిపోయి, తువ్వాల మడతపెట్టుకుంటూ వచ్చి కూర్చున్నాడు. బస్సులో ఇంటిదాకా నాతో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాత్రం, చాయ్ తాగినవా అని అడిగాడు.

ఆ వారమే సారు వ్యాసరచన పోటీ పెట్టారు. మే నెలలో దర్శకుడు స్వయంగా మా కాలేజీకి వచ్చి బహుమతి ఇస్తాడన్నారు. నేను ఆ కూతురి గురించి రాశాను. మట్టి తవ్వే ఆ అమ్మాయి చేతుల గురించే ఆరు పేజీలు.

అవార్డు పుణ్యమా అని ఏప్రిల్‌లో సినిమా ఇబ్రహీంపట్నం హాలుకు కూడా వచ్చింది. అన్న అత్తను పట్టుబట్టి మ్యాట్నీకి తీసుకుపోయాడు. తోడుగా నేనూ పోయాను. అత్త జన్మలో చూసిన సినిమాలు నాలుగో ఐదో, అన్నీ దేవుడివే. దేవుడు ఎప్పుడొస్తాడా అన్నట్టు గంటసేపు ఓపిగ్గా కూర్చుంది. ఆ నాలుగు నిమిషాలు వచ్చాయి. కూతురు మట్టి తవ్వుతోంది. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“గది మన బాయి కాడి మన్ను,” అంది.

ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. షూటింగ్ జరిగిన పొద్దున ఆమె మార్కెట్‌లో ఉంది. తెర మీద, మసక మసగ్గా, ఎవరో అమ్మాయి చున్నీలో ఉన్న పిడికెడు మట్టిని చూసి పోల్చుకుంది. “మన మన్నే బిడ్డా,” అని మళ్లీ అంటూ ఏడ్చింది. అటుపక్క అన్న కూడా ఏడుస్తున్నాడు. బయటికొచ్చి ముగ్గురం సోడా తాగాం.

అన్నకు ఆ ఆలోచన ఆ రోజే వచ్చి ఉంటుంది. మరుసటి వారం నుంచి కంపెనీ తరఫున భూమి అమ్మినవాళ్లకు రిజిస్ట్రీ ఆఫీసు దగ్గర ఒక మట్టి మూట ఇవ్వడం మొదలైంది. పసుపు బట్ట, దాని మీద కంపెనీ పేరు, లోపల మట్టి. రైతు దాన్ని నుదుటికి ఆనించుకుంటే ఫొటో తీసి ఆఫీసులో తగిలించేవాళ్లు. మూట ఇచ్చేటప్పుడు అన్న కళ్లు నిజంగానే చెమర్చేవి. నెల తిరిగేసరికి అది తరతరాల నుంచి వస్తున్న ఆచారమైపోయింది. పోయినేడు అమ్మిన ఎంకమ్మ వచ్చి, నా మూట నాకియ్యలేదని ఆఫీసు ముందు కూర్చుంది. ఆమెకూ ఒకటిచ్చి పంపారు. బాపుకు కూడా తెచ్చాడు అన్న. బాపు దాన్ని ముట్టుకోలేదు.

“ఎడ్లమ్మిననాడు పలుపులు నా కాడ పెట్టుకున్న. మా ఇంట్ల గదే రివాజు. మన్ను ఇంటికి తెచ్చుకునుడు నేనెన్నడు వినలే,” అన్నాడు.

మే మొదటివారంలో ఒక పొద్దున నేను అత్తతో బెండకాయలు కోస్తున్నాను. చుట్టూ చేలన్నీ పోయాయి. రోడ్ల కోసం మల్లేశయ్య చెలకను తవ్వి పోసిన ఎర్రమట్టి కుప్ప మా బావి దగ్గర్నుంచి కనబడేది. అత్త మోకాళ్లు నొప్పి పెట్టి గట్టు మీద కూలబడింది.

“నువ్వు చదువుకున్నదానివి. మీ బాపు గా సినిమా అబద్ధమంటడు. మీ అన్న నిజమంటడు. నువ్వు చెప్పు.”

“నిజమే అత్తా,” అన్నాను.

“అమ్మినంక గట్ల మన్ను తెచ్చుకొని ఇంట్ల పెట్టుకుంటే, మనసు జర నిమ్మలముంటదా?”

“ఉంటది.”

ఆ వయసుకు నేను పాత పుస్తకాలు తప్ప ఏమీ అమ్మలేదు. అయినా అంత నమ్మకంగా చెప్పాను. అత్త నా మాటను తూచి చూసుకోలేదు. అక్షరం ముక్క రాని ఆమెకు నేను ఎనిమిదో తరగతిలో సంతకం నేర్పాను. అప్పటి నుంచి చదువుకు సంబంధించినదేదైనా నేను చెప్పిందే ఆమెకు ఖాయం.

ఎకరం అమ్ముతానని ఆ సాయంత్రం బాపుకు చెప్పింది.

“అమ్ముడు నీ ఇష్టం అక్కా. నేనే అమ్ముకున్న, నిన్ను వద్దననీకి నాకు నోరు లేదు. గని సినిమా చూసి మాత్రం అమ్మకు.”

“సినిమా చూసి కాదు తమ్మి. పోరడు నౌకరి పోతదని మొఖం ఏలాడేసుకొని తిరుగుతుండు. నాకు సుత కాళ్లు ఇరుగుతున్నయ్.” నన్ను చూపించి, “ఒక్కటే మాట. మన్ను మాత్రం సంతోషి తేవాలె. బాయి కాడికెల్లి. సినిమాల బిడ్డ తెచ్చినట్టు. గది నా చేతికొచ్చినంకనే సంతకం,” అంది.

“నేను తెస్త అత్తా,” అన్నాను. మాట ఇవ్వడం నాకు చాలా బాగా అనిపించింది. సినిమాలోంచి ఒక ముక్క మా ఇంట్లోకి వచ్చినట్టు సంబరపడ్డాను.

రిజిస్ట్రేషన్ మే ఇరవై ఐదున, పదకొండు గంటలకు. రెండు రోజుల ముందు సారు నన్ను పిలిచి, మొదటి బహుమతి నాదేనని చెప్పారు. దర్శకుడు ఇరవై ఐదునే వస్తున్నాడు, పొద్దున తొమ్మిదింటికి. వ్యాసం వేదిక మీద నేనే చదవాలి. తెల్లవారుజామున లేచి పోయొస్తే రెండూ అయ్యేవే. చెరువు అవతలికి నడక అరగంట. కానీ ఆ పొద్దున చీర కుచ్చిళ్లు సర్దుకోవడానికి, వ్యాసం బిగ్గరగా చదువుకోవడానికే సరిపోయింది.

“అన్నా, మన్ను నువ్వు తే. బాయి కాడిదే తే, మర్చిపోకు,” అన్నాను.

“ఫికర్ చెయ్యకు. మనోళ్లకు చెప్త,” అన్నాడు అన్న, ఫోన్ చెవికి పెట్టుకునే.

కాలేజీలో దర్శకుడికి శాలువా కప్పారు. నేను ఆరు పేజీలూ చదివాను. మట్టిలోకి దిగిన ఆ వేళ్లు వేళ్లు కావు, వేర్లు అని రాసిన చోట చప్పట్లు మోగాయి. దర్శకుడు నా తలమీద చెయ్యి పెట్టి, ఈ అమ్మాయి నా సినిమాను నాకంటే బాగా చూసింది అన్నాడు. నన్ను అంతకుముందు ఎవరూ అంత మాట అనలేదు. షీల్డు చేత్తో పట్టుకుని, ఆటో ఎక్కి, నేల మీద లేనట్టుగా రిజిస్ట్రీ ఆఫీసుకు వచ్చాను.

అత్త ఆఫీసు ముందు రేకుల పందిరి కింద కూర్చుంది. పెట్టెలో దాచుకున్న ఆకుపచ్చ చీర కట్టుకుంది. పక్కన బాపు, కంపెనీ మేనేజరు, ఫొటోగ్రాఫరు, ఇంకా పదిమంది. నన్ను చూడగానే అత్త మొహం విప్పారింది.

“గెలిసినవా బిడ్డా?”

షీల్డు చూపించాను. దాన్ని చేత్తో తడిమి, పక్కనున్నవాళ్లకు చూపించి, మళ్లీ నా చేతికే ఇచ్చింది. అంతలో అన్న వచ్చి మూట ఆమె ఒళ్లో పెట్టాడు. ఫొటోగ్రాఫరు నుదుటికి ఆనించుకోమన్నాడు. అత్త ఆనించుకోలేదు. ముడి విప్పింది.

లోపల ఎర్రమట్టి. చిన్న చిన్న మొరం రాళ్లు కూడా ఉన్నాయి. ప్రతి మూటకూ నింపినట్టే దీన్నీ రోడ్డు పక్క కుప్పలోంచి నింపారు. అన్న ఫోన్‌లో చెప్పిన మాట ఎక్కడో జారిపోయింది. అత్త చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపింది. తలెత్తి నన్ను చూసింది.

“బాయి కాడిదేనా బిడ్డా?”

అందరూ నావైపు చూస్తున్నారు. అన్న కూడా చూస్తున్నాడు, పెదాలు బిగించి.

“అవ్ అత్తా,” అన్నాను.

“నువ్వే తెచ్చినవా?”

“అవ్.”

అత్త మూట ముడి మళ్లీ వేసింది. రెండుసార్లు గట్టిగా లాగి వేసింది. “మంచిది,” అని లేచి లోపలికి పోయింది. నేను నేర్పిన అక్షరాలతో, ‘ణి’ దగ్గర ఎప్పటిలాగే ఒకసారి ఆగి, సంతకం పెట్టింది.

బయటికొచ్చేసరికి బాపు బండి మీంచి మిర్చి బజ్జీలు కట్టించుకొచ్చాడు. అత్త రెండు తిన్నది. “ఆకలైంది తమ్మి,” అంది. బాపు నీళ్ల గ్లాసు అందించాడు.

అన్న ఉద్యోగం నిలబడింది. మూడోరోజే జేసీబీ దిగి బావిని పూడ్చేసింది. మూటను అత్త వంటింటి గూట్లో పెట్టింది. దాన్ని ముట్టుకోవడం గానీ, దాని మాట ఎత్తడం గానీ నేను చూడలేదు. పొద్దున్నే లేచి, వాకిట్లో బోర్లించిన గంప పక్కన కూచునేది. ఒకరోజు అన్న బయటికి పోతుంటే ఆపి, కూరగాయలకు పైసలియ్యి రమేశా అని అడిగింది. అన్న జేబులో చెయ్యి పెట్టి ఇచ్చేశాడు. ఆయనకు అందులో ఏ విశేషమూ కనబడలేదు. నేను లోపలికి పోయి తలుపు చాటున నిలబడ్డాను. ఆ గుమ్మంలో అత్త చెయ్యి చాపడం అదే మొదటిసారి.

అప్పటికీ నేను ఆమెకు నిజం చెప్పలేదు. అత్తకు తెలియలేదులే, మట్టి మట్టే కదా, ఇప్పుడు చెప్పి బాధపెట్టడమెందుకు అని రోజుకొక సాకు వెతుక్కున్నాను. తెర మీద పిడికెడు మట్టిని పోల్చుకున్న మనిషికి ఒళ్లో ఉన్న మట్టి తెలియలేదని నమ్మడానికి నేను ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

జూన్ రెండోవారంలో ఒక పొద్దున మొదటి వాన పడే సూచనలు కనబడ్డాయి. నల్లగా మబ్బు పట్టి గాలి లేచింది. అత్త గూట్లోంచి మూట తీసి చంకలో పెట్టుకుంది.

“పా బిడ్డా, జర పోయొద్దాం,” అంది.

చెరువు కట్ట మీదుగా నడిచాం. బావి ఉన్న చోట కొత్త రోడ్డు వెడల్పుగా పడి ఉంది. అత్త అటు తల తిప్పలేదు. నేరుగా మల్లేశయ్య చెలక వైపు పోయింది. సగం తవ్వేశారు, సగం ఇంకా మిగిలి ఉంది. ఆ మిగిలిన సగంలోకి దిగి, మూట విప్పి, మట్టిని మెల్లగా కింద పోసింది. అరచేత్తో సాపు చేసింది. బట్ట దులిపింది.

“మల్లేశయ్య చెలక మన్ను ఇది. వాళ్లది మనింట్ల ఎందుకు,” అంది.

“నీకు ఎప్పుడెర్కయింది అత్తా?”

“మూట ఇప్పిన్నాడే.”

“మరి సంతకం ఎందుకు పెట్టినవ్?”

చినుకులు మొదలయ్యాయి. అత్త బట్టను నాలుగు మడతలు చేసి తలమీద కప్పుకుంది. ఆమె గొంతులో కోపం లేదు. మార్కెట్ సంగతులు చెప్పేటప్పుడు ఎట్లా మాట్లాడుతుందో అట్లాగే చెప్పింది.

“లేసి ఇంటికి పోదామనే అనుకున్న. గందుకే నిన్ను రెండోసారి అడిగిన. నువ్వు మల్ల అవ్ అన్నవ్. గంతమంది ఉండిరి. నీ చేతుల గా బహుమానం ఉండె. నేను కాదంటే నువ్వు అబద్ధమాడినవని అందరికీ ఎర్కయితుండె. గందుకే పెట్టిన.”

అని, గట్టెక్కి నడవడం మొదలుపెట్టింది.

ఆ సినిమా మంచిదేనా అని ఇప్పటికీ ఎవరైనా అడుగుతుంటారు. మంచిదే అంటాను, ఎందుకంటే అది మంచి సినిమానే. దాని మీద బాపు చెప్పిన మాటలు కూడా నిజమే. ఆ రెండింటికీ పొత్తు కుదర్చడం నాకింకా చేతకాలేదు. ఆ పొద్దున మాత్రం నేను చెలకలో వానకు తడుస్తూ, ఒక అమ్మాయి చేతుల గురించి ఆరు పేజీలు రాసినదాన్ని, నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాను.

“తడుస్తున్నవ్, రా బిడ్డా,” అని అత్త గట్టు మీంచి పిలిచింది.